కిడ్నీ మీదికి ఎగబడే సొంత కణాలు

పేషెంటును బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతారు. నడుము పక్కన మత్తు సూది వేస్తారు. డాక్టరు ఒక చేత్తో అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకుని తెర మీద కిడ్నీ కింది అంచును వెతుకుతుంటారు. రెండో చేతిలో స్ప్రింగు బిగించిన బయాప్సీ గన్ ఉంటుంది. ‘‘ఊపిరి పీల్చి ఆపమ్మా, కదలొద్దు’’ అంటారు. టక్కుమని ఒక చప్పుడు. సూది బయటికొచ్చేసరికి దాని గాడిలో ఒక మిల్లీమీటరు మందం, సెంటీమీటరున్నర పొడవున్న లేత గులాబీ రంగు ముక్క ఉంటుంది. అలాంటివి రెండో మూడో తీశాక ఆమెను కొన్ని గంటల పాటు వెల్లకిలా కదలకుండా పడుకోబెడతారు. మధ్యమధ్య బీపీ చూస్తారు, మూత్రంలో రక్తం పడుతోందేమో గమనిస్తారు.

ఆ ముక్కను పలుచటి పొరలుగా కోసి, కొన్నింటికి రంగులద్ది, మరికొన్నింటికి ఆకుపచ్చగా మెరిసే రసాయనం పట్టించి మైక్రోస్కోపు కింద పెడతారు. పెథాలజిస్టు కళ్లు ముందు వెతికేది గ్లామరూలస్‌లను. సన్నటి రక్తనాళాలు చుట్ట చుట్టుకుని, మిల్లీమీటరులో ఐదో వంతు వెడల్పున ఉండే నిర్మాణమది. ఒక్కో కిడ్నీలో ఇలాంటివి సుమారు 10 లక్షలుంటాయి. రక్తాన్ని వడకట్టే జల్లెడలు ఇవే. రోజుకు 180 లీటర్ల ద్రవం వీటి గుండా దిగుతుంది. ఒకటి రెండు లీటర్లు మూత్రంగా పోగా మిగిలినదంతా తిరిగి ఒంట్లోకే చేరుతుంది.

ఆరోగ్యంగా ఉన్న గ్లామరూలస్‌లో నాళాల గోడలు పలుచగా, లోపలి దారులు తేటగా కనిపిస్తాయి. లూపస్ అనే జబ్బు ముదిరిన కిడ్నీలో ఆ దారులు కణాలతో కిక్కిరిసి ఉంటాయి. గోడలు మందమెక్కి, గులాబీ రంగు తేలి, గట్టిపడి ఉంటాయి. కొన్ని చుట్టల అంచున నెలవంక ఆకారంలో కణాలు పేరుకుని జల్లెడను ఒక పక్కకు నొక్కేస్తుంటాయి. ఆకుపచ్చ మెరుపు పట్టించిన పొరల్లో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే మూడు రకాల యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే రెండు కాంప్లిమెంట్ ప్రొటీన్లు, అంటే ఐదుకు ఐదూ వెలుగుతాయి. ల్యాబుల్లో దీన్ని ‘ఫుల్ హౌస్’ అంటారు. అన్నీ ఒకే చోట ఇలా వెలిగితే పెథాలజిస్టు మనసులో మొదట మెదిలే జబ్బు లూపసే.

ఆ ముక్కలో కిక్కిరిసిన కణాల్లో బయటి నుంచి వచ్చినది ఒక్కటీ ఉండదు. బ్యాక్టీరియా లేదు, వైరస్ లేదు. అన్నీ ఆమె సొంత కణాలే, వాటిలో ముఖ్యమైనవి తెల్లకణాలు. జ్వరమొస్తే కాపాడేవి, గాయమైతే మాన్పేవి. అవి అక్కడికి ఎందుకు చేరాయి, చేరి ఏం చేస్తున్నాయి అన్న ప్రశ్న చుట్టూ 75 ఏళ్లకు పైగా పరిశోధన నడుస్తోంది. గత పదేళ్లలో దానికి దొరికిన జవాబులు వైద్యాన్నే మారుస్తున్నాయి.

పేరుకోవడం వేరు, పాడవడం వేరు

లూపస్‌ను పూర్తిగా సిస్టమిక్ లూపస్ ఎరిథమటోసస్ అంటారు. చర్మం, కీళ్లు, రక్తం, గుండె పైపొర, మెదడు... ఏ అవయవాన్నయినా పట్టొచ్చు. ఈ జబ్బున్నవారిలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ తగులుకుంటుంది. దాన్ని లూపస్ నెఫ్రైటిస్ అంటారు. చాలామందికి జబ్బు బయటపడిన మొదటి ఐదేళ్లలోనే వస్తుంది. సరిగా లొంగకపోతే డయాలసిస్ దాకా వెళ్తుంది.

తొలి ఆధారం 1948లో అమెరికాలోని రోచెస్టర్‌లో దొరికింది. మేయో క్లినిక్‌లో పనిచేసే మాల్కమ్ హార్‌గ్రేవ్స్ బృందానికి లూపస్ రోగుల ఎముక మజ్జలో ఒక వింత కణం కనిపించింది. మరో కణం తాలూకు కేంద్రకాన్ని మింగి ఉబ్బిపోయిన న్యూట్రోఫిల్ అనే తెల్లకణం అది. దానికి ‘ఎల్‌ఈ సెల్’ అని పేరు పెట్టారు. కణ కేంద్రకంతో ఈ జబ్బుకు ఏదో లంకె ఉందని అప్పుడే తెలిసిపోయింది. తర్వాత 1957లో, లూపస్ రోగుల రక్తంలో డీఎన్‌ఏకే అతుక్కునే యాంటీబాడీలున్నాయని ఒకటికి మించిన బృందాలు విడివిడిగా ప్రకటించాయి. 1967లో కోఫ్లర్, షర్, కుంకెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లూపస్ కిడ్నీల నుంచే ఆ యాంటీబాడీలను విడదీసి చూపించారు.

దాంతో కథ తేలికగా అర్థమైనట్టే అనిపించింది. డీఎన్‌ఏ, దాని మీద యాంటీబాడీ కలిసి ఒక ముద్దవుతాయి. ఆ ముద్దలు వెళ్లి జల్లెడలో ఇరుక్కుంటాయి. అక్కడ కాంప్లిమెంట్ ప్రొటీన్లు రాజుకుంటాయి, కిడ్నీ పాడవుతుంది. పాఠ్యపుస్తకాలు చాలా ఏళ్లు ఇలాగే చెప్పాయి. ఇందులో తప్పు లేదు, కానీ సగమే ఉంది.

మిగతా సగం 1998లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఎలుకల మీద బయటపడింది. వారసత్వంగా లూపస్ వచ్చే ఎలుకల జాతి ఒకటుంది. జెఫ్రీ రావెచ్ బృందం ఆ ఎలుకల్లో ఒకే ఒక జన్యువును తీసేసింది. తెల్లకణాలు యాంటీబాడీ తోకను పట్టుకోవడానికి వాడే ఎఫ్‌సీ గ్రాహకం తయారయ్యేది ఆ జన్యువుతోనే. ఎలుకల రక్తంలో యాంటీబాడీలు యథాప్రకారం పెరిగాయి. కిడ్నీలో ముద్దలు పేరుకున్నాయి, కాంప్లిమెంట్ కూడా పేరుకుంది. అయినా తీవ్రమైన నెఫ్రైటిస్ రాలేదు!

లూపస్ చరిత్రలో ఇంత సూటిగా దారి చూపిన ప్రయోగాలు తక్కువ. కిడ్నీలో ముద్దలు పేరుకోవడం ఒక ఎత్తు, కిడ్నీ చెడిపోవడం మరో ఎత్తు అని అది తేల్చింది. ఆ రెండింటి మధ్య నిలబడింది కణం. యాంటీబాడీని పట్టుకుని, రెచ్చిపోయి, రసాయనాలు చిమ్మే తెల్లకణం లేకపోతే జల్లెడ చాలావరకు నిలదొక్కుకుంటుంది.

మరుసటి ఏడాది, 1999లో, యేల్ యూనివర్సిటీలో మార్క్ ష్లోమ్‌చిక్ బృందం ఇంకో చిక్కుముడి విప్పింది. యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. వాటిని ఎలుకల్లో ఉండనిచ్చి, యాంటీబాడీని బయటికి వదిలే శక్తి మాత్రం లేకుండా చేశారు. ఈసారి నెఫ్రైటిస్ వచ్చింది. అంటే బి కణం యాంటీబాడీ కర్మాగారం మాత్రమే కాదన్నమాట. అది టి కణాలనే మరో రకం తెల్లకణాలకు శరీర పదార్థాలను చూపించి ఉసిగొల్పుతుంది, స్వయంగా కిడ్నీలో మకాం వేస్తుంది. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లూపస్ కిడ్నీకి ఒకే దోషి లేడని అర్థమవుతుంది. చాలా రకాల కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోవడమే ఈ జబ్బు.

చచ్చిన కణాలతో మొదలు

అసలు డీఎన్‌ఏ కణం లోపల భద్రంగా ఉండాలి కదా, రక్తంలోకి ఎలా వస్తుంది? శరీరంలో రోజూ కోట్లాను కోట్ల కణాలు ఆయువు తీరి చనిపోతుంటాయి. మాక్రోఫేజ్‌లనే పెద్ద తెల్లకణాలు వాటిని గుట్టుచప్పుడు కాకుండా మింగి శుభ్రం చేస్తుంటాయి. లూపస్‌లో ఈ శుభ్రత కుంటుపడుతుంది. చచ్చిన కణాలను గుర్తించడానికి తోడ్పడే సీ1క్యూ ప్రొటీన్ పుట్టుకతోనే లేనివారు ప్రపంచంలో బహు అరుదు. కానీ అలాంటివారిలో చాలామందికి లూపస్ గానీ, దానిలాంటి జబ్బు గానీ వస్తుంది. ఊడ్చేవాళ్లు లేక చెత్త నిలిచిపోతే జరిగే అనర్థం ఎంతటిదో చెప్పడానికి ఇంతకంటే బలమైన రుజువు లేదు.

చెత్తను పెంచే కణాలు కూడా ఉన్నాయి. రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్సే. సూక్ష్మజీవి కనబడితే మింగడం వాటి పని. అవి మరో పని కూడా చేస్తాయని బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2004లో చూశారు. తమ సొంత డీఎన్‌ఏనే పోగులు పోగులుగా బయటికి విసిరి, సూక్ష్మజీవిని అందులో చిక్కించి చంపుతాయి. ఈ పోగులకు ‘నెట్స్’ అని పేరు. లూపస్‌లో ఏ సూక్ష్మజీవీ లేకపోయినా న్యూట్రోఫిల్స్ వీటిని విసురుతున్నాయని 2011లో తేలింది.

ఈ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు యాంటీబాడీతో జతకట్టి ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణం అనే ఒక అరుదైన తెల్లకణం లోపలికి చేరతాయి. దాని లోపల టీఎల్‌ఆర్7, టీఎల్‌ఆర్9 అనే కాపలా ప్రొటీన్లుంటాయి. వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలను పసిగట్టడానికి ఏర్పడినవి అవి. ఇక్కడ సొంత ముక్కలనే చూసి వైరస్ వచ్చిందనుకుంటాయి. కణం పెద్ద ఎత్తున ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్‌ను వదులుతుంది. లూపస్ రోగుల రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ఎక్కువని 1979లోనే గమనించారు. దాని ప్రభావంతో తెల్లకణాల్లో పదుల కొద్దీ జన్యువులు ఒక్కసారిగా మేలుకుంటున్నాయని 2003లో చూపారు. ఇంటర్‌ఫెరాన్ వల్ల బి కణాలు ఇంకా చురుకెక్కుతాయి, యాంటీబాడీలు పెరుగుతాయి, న్యూట్రోఫిల్స్ మరిన్ని పోగులు విసురుతాయి. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

లూపస్ పేషెంట్లందరికీ డాక్టర్లు మొట్టమొదట రాసే మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా మందు. 1955 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. అది కణం లోపలి సంచుల్లో ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. దాంతో టీఎల్‌ఆర్7, 9 సరిగా పనిచేయలేవు. ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే దశాబ్దాల పాటు వాడిన మందు సరిగ్గా ఈ చక్రం మీదే పడుతోందని ఆలస్యంగా అర్థమైంది. 2020 మార్చిలో కరోనాకు అదే మందని ప్రచారం జరిగి జనం ఎగబడి కొన్నప్పుడు, ఏళ్ల తరబడి దాని మీదే నెట్టుకొస్తున్న లూపస్ పేషెంట్లు మందుల షాపుల చుట్టూ తిరిగారు. ఆ మాత్ర ఎవరికి ప్రాణావసరమో అప్పుడెవరూ ఆగి ఆలోచించకపోవడం బాధాకరం.

ఏళ్ల ముందే

అమెరికా రక్షణ శాఖ తన సైనికుల రక్త నమూనాలను క్రమం తప్పకుండా తీసి భద్రపరుస్తుంది. తర్వాతి కాలంలో లూపస్ వచ్చిన 130 మంది పాత నమూనాలను వెనక్కి వెళ్లి పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 115 మందికి జబ్బు బయటపడకముందే కనీసం ఒక రకం యాంటీబాడీ రక్తంలో ఉంది. సగటున మూడేళ్లకు పైగా ముందు, ఒకరిలోనైతే తొమ్మిదేళ్లకు పైగా ముందు! అప్పటికి వాళ్లు మామూలుగా కవాతులు చేస్తున్నవాళ్లే. ముందు కణ కేంద్రకం మీద పడే ఏఎన్‌ఏ లాంటి యాంటీబాడీలు వచ్చాయి, తర్వాత డీఎన్‌ఏ మీద పడేవి. జబ్బు దగ్గరపడే కొద్దీ రకాలు పెరుగుతూ పోయాయి.

దీన్నిబట్టి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ లూపస్ వస్తుందని భయపడనక్కర్లేదు. ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి ఆ పరీక్ష పాజిటివ్ వస్తుంది. లక్షణాలు లేకుండా ప్యాకేజీ టెస్టుల్లో ఏఎన్‌ఏ చేయించుకుని ఇంటర్నెట్ చూసి నిద్ర పోగొట్టుకునేవారు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

లూపస్ పేషెంట్లలో ప్రతి పది మందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో. హార్మోన్ల పాత్ర ఉంది, కానీ ఎక్స్ క్రోమోజోమ్ పాత్ర అంతకన్నా స్పష్టంగా కనబడుతోంది. ఇందాక చెప్పుకున్న టీఎల్‌ఆర్7 జన్యువు ఉండేది ఎక్స్ మీదే. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు ఉన్నా ప్రతి కణంలో ఒకదాన్ని శరీరం నిద్రపుచ్చుతుంది. అయితే కొన్ని తెల్లకణాల్లో ఈ జన్యువు నిద్రపోకుండా తప్పించుకుని రెండు ప్రతులూ పనిచేస్తున్నాయని 2018లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు చూపించారు. అదనంగా ఒక ఎక్స్‌తో పుట్టే మగవాళ్లకు కూడా లూపస్ ముప్పు ఇంచుమించు ఆడవాళ్లంత ఉండటం ఈ లెక్కకు సరిపోతోంది.

2022లో దీనికి కళ్లెదుట రుజువు దొరికింది. చిన్న వయసులోనే తీవ్రమైన లూపస్ వచ్చిన ఒక స్పెయిన్ బాలిక జన్యువులన్నీ చదివితే టీఎల్‌ఆర్7లో ఒకే ఒక అక్షరం మారి ఉంది. కరోలా వినుయెసా బృందం అదే మార్పును ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ వచ్చింది. లూపస్ అందరికీ ఒక్క జన్యువుతో రాదు. ఎక్కువమందిలో చిన్న చిన్న జన్యు తేడాలు పదుల సంఖ్యలో కలవాలి, వాటికి ఎండో, ఇన్‌ఫెక్షనో, మరేదో తోడవ్వాలి. అయినా ఆ పాప జన్యువు ఒక దారి మొత్తాన్ని వెలుగులోకి తెచ్చింది.

ఎండ అంటే గుర్తొచ్చింది. లూపస్ ఉన్నవాళ్లను ఎండలో తిరగొద్దనేది చర్మం మీద మచ్చలొస్తాయనేనని చాలామంది అనుకుంటారు. ఎలుకల చర్మం మీద అతినీలలోహిత కిరణాలు పడితే అక్కడికి చేరిన న్యూట్రోఫిల్స్‌లో కొన్ని తిరిగి రక్తంలో కలిసి కిడ్నీ దాకా వెళ్లి అక్కడ వాపు రేపుతున్నాయని 2021లో సియాటెల్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో పనికి వెళ్లక తప్పని ఆడకూతురికి ‘ఎండలోకి వెళ్లకమ్మా’ అని చీటీ మీద రాసివ్వడం తేలికే. ఆ చీటీని ఆమె ఎలా పాటించగలదో కూడా వైద్యం ఆలోచించాలి. నిండు చేతుల రవిక, తలకు చుట్టిన కండువా, పొద్దెక్కకముందే ముగిసే పని వేళలు అక్కడ క్రీముల కన్నా ఎక్కువ ఉపయోగపడతాయి.

కిడ్నీ లోపల 21 రకాలు

బయాప్సీ ముక్కలో కణాలు కిక్కిరిశాయని పెథాలజిస్టు చెప్పగలరు. కానీ రంగులద్దిన పొరలో అవన్నీ చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏ రకం, ఏది ఏం చేస్తోంది అన్నది తెలియాలంటే ఒక్కో కణాన్ని విడదీసి, దానిలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో చదవాలి. సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ వచ్చాక అది సాధ్యమైంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, మందుల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి నడిపిన ఒక ఉమ్మడి కార్యక్రమంలో 24 మంది లూపస్ నెఫ్రైటిస్ పేషెంట్ల కిడ్నీ ముక్కలను ఇలా చదివి 2019లో ప్రచురించారు.

21 రకాల తెల్లకణాలు తేలాయి. రక్తం నుంచి వచ్చిన మోనోసైట్లు కిడ్నీలో అడుగుపెట్టాక మెల్లగా వేషం మార్చుకుంటూ, మొదట మంట రేపే కణాలుగా, తర్వాత చెత్త మింగే కణాలుగా మారుతున్న ఆనవాళ్లు కనిపించాయి. బి కణాలు అక్కడికక్కడే చురుకెక్కుతున్నాయి. వాటి నుంచి పుట్టే ప్లాస్మా కణాలు కిడ్నీలోనే కూర్చుని యాంటీబాడీలు తయారు చేస్తున్నాయి. ఇంటర్‌ఫెరాన్ ముద్ర దాదాపు అన్ని రకాల మీదా ఉంది. టి కణాల సంగతి మరీ ఆసక్తికరం. దీర్ఘకాలం పోరాడిన టి కణాలు అలసి చల్లబడతాయని క్యాన్సర్ పరిశోధనలో తెలుసు. లూపస్ కిడ్నీలోనూ అలాగే ఉంటుందనుకున్నారు. ఇక్కడ చాలావరకు అలసట జాడే లేదు, చేవతోనే ఉన్నాయి.

ఇంకో మంచి సంగతి: ఆ పేషెంట్ల మూత్రంలో దొరికిన కణాలు కిడ్నీ లోపలి కణాలనే చాలావరకు పోలి ఉన్నాయి. ఎప్పటికైనా సూది గుచ్చకుండా మూత్రం నమూనాతోనే కిడ్నీలో ఏం జరుగుతోందో చెప్పగలిగే రోజు రావొచ్చన్న ఆశకు ఇది పునాది. అలాంటి పరీక్ష ఇంకా ఆస్పత్రుల్లోకి రాలేదు కాబట్టి ఇప్పటికి బయాప్సీకి ప్రత్యామ్నాయం లేదు. ఒకటి నుంచి ఆరు వరకు ఉన్న తరగతుల్లో జబ్బు ఎక్కడుందో, మందుతో ఆపగలిగే వాపు ఎంతో, ఇక మానని మచ్చ ఎంతో ఆ ముక్కే చెబుతుంది. మందు ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది.

గ్లామరూలస్‌ల మధ్య ఉండే సన్నటి గొట్టాల చుట్టూ కూడా టి, బి కణాలు గుంపులు కడతాయి. పూర్వం దీన్ని అంతగా పట్టించుకునేవారు కాదు. కిడ్నీ చివరికి నిలబడుతుందా లేదా అన్నది ఈ గొట్టాల మధ్య ఎంత మచ్చ పడిందన్న దాన్నిబట్టే ఎక్కువగా తేలుతుందని ఇప్పుడు తెలుసు.

మొద్దు మందుల నుంచి సూటి మందులకు

ఎల్‌ఈ కణం కనబడిన 1948లోనే, అదే మేయో క్లినిక్‌లో, ఫిలిప్ హెంచ్ మొదటిసారి కార్టిసోన్‌ను కీళ్లవాతం పేషెంటుకు ఇచ్చారు. మంచాన పడ్డ మనిషి లేచి నడవడం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్లు లూపస్ పేషెంట్లను చావు నుంచి లాగాయి. బదులుగా ఉబ్బిన ముఖాలు, పెళుసైన ఎముకలు, షుగరు, ఇన్‌ఫెక్షన్లు ఇచ్చాయి. అవి అన్ని తెల్లకణాలనూ ఒకేసారి అణచివేస్తాయి, మంచీ చెడూ చూడవు.

1948తో తెలుగువారికి ఒక అనుబంధం ఉంది. భీమవరంలో పుట్టి అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ వ్యతిరేక మందుల వరుసలోదే మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందే కణాలను అడ్డుకునే ఈ మందును లూపస్‌లో కీళ్లకు, చర్మానికి నేటికీ రాస్తున్నారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరు, అది బయటికి పోవాల్సింది కిడ్నీ గుండానే కనుక.

కిడ్నీకి వచ్చేసరికి సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు 1980ల్లో నిలబడింది. పని చేసింది, కానీ పిల్లల మీద ఆశలున్న పాతికేళ్ల అమ్మాయిల అండాశయాలను దెబ్బతీసేది. మోతాదు బాగా తగ్గించి రెండు వారాలకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుసార్లు ఇస్తే సరిపోతుందని 2002లో ఐరోపా పరిశోధన తేల్చడం ఎందరికో మేలు చేసింది. దాని తర్వాత నిలదొక్కుకున్నది మైకోఫినోలేట్. 1893లో ఇటలీ శాస్త్రవేత్త బార్తొలోమియో గోసియో బూజు నుంచి తీసిన పదార్థం దీనికి మూలం. బి, టి కణాలు పెరగడానికి మిగతా కణాల కన్నా ఎక్కువగా ఆధారపడే ఒక ఎంజైమును ఇది ఆపుతుంది. కనుక కాస్త గురి ఉన్న మందు.

అసలు గురి గత 15 ఏళ్లలో వచ్చింది. బి కణాలను బతికించే సంకేతాన్ని అడ్డుకునే బెలిముమాబ్‌కు 2011లో లూపస్‌కు, 2020లో కిడ్నీ లూపస్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసే అనిఫ్రోలుమాబ్ 2021లో లూపస్‌కు వచ్చింది. బి కణాలనే నేరుగా తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ మాత్రం 2012 నాటి పెద్ద పరీక్షలో కిడ్నీ దగ్గర గట్టెక్కలేకపోయింది. చాలామంది నిరుత్సాహపడ్డారు. రక్తంలో బి కణాలు పోయినా కిడ్నీలో, శోషరస గ్రంథుల్లో మిగిలిపోతున్నాయేమోనని కొందరు అనుమానించారు. మరింత లోతుగా తుడిచే ఒబినుటుజుమాబ్‌ను 271 మందిపై పరీక్షిస్తే, మామూలు మందులకు దీన్ని జోడించినవారిలో 46 శాతం మందికి, జోడించనివారిలో 33 శాతం మందికి కిడ్నీ పూర్తిగా కుదుటపడినట్టు 2025లో తేలింది. ఆ తేడా లెక్కల్లో చిన్నది. డయాలసిస్ కుర్చీకి దూరమైన మనిషికి చిన్నది కాదు.

ఇంతకన్నా పెద్ద సంచలనం జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టింది. 2021లో అక్కడి వైద్యులు అన్ని మందులకూ మొండికేసిన ఒక ఇరవై ఏళ్ల లూపస్ పేషెంటు టి కణాలను బయటికి తీశారు. బి కణాల మీదుండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా వాటికి కొత్త గ్రాహకం అమర్చారు. ల్యాబులో పెంచి తిరిగి ఎక్కించారు. రక్త క్యాన్సర్లకు వాడే కార్-టి చికిత్స ఇదే. కొద్ది వారాల్లోనే ఆమె మూత్రంలో పోయే ప్రొటీన్ గ్రాము క్రియాటినిన్‌కు రెండు వేల మిల్లీగ్రాములకు పైగా ఉన్నది 250 లోపుకి దిగింది. డీఎన్‌ఏ యాంటీబాడీలు దాదాపు మాయమయ్యాయి. తర్వాత అక్కడి జార్జ్ షెట్ బృందం 2024లో 15 మంది ఫలితాలను ప్రచురించింది. వారిలో లూపస్ వాళ్లు ఎనిమిది మంది, కండరాలను పట్టే మయోసైటిస్ వాళ్లు ముగ్గురు. ఎనిమిది మందిలోనూ లూపస్ అణిగింది, అందరూ రోగనిరోధకతను తగ్గించే మందులు మానేయగలిగారు.

మయోసైటిస్ అంటే తెలుగువారికి వెంటనే గుర్తొచ్చేది నటి సమంత. 2022 అక్టోబరులో ఆమె తన జబ్బు పేరు బయటపెట్టాకే ఇక్కడ చాలా ఇళ్లలో ఆటోఇమ్యూన్ జబ్బుల గురించి మాట్లాడుకోవడం మొదలైంది. లూపస్‌తో కిడ్నీ పోయి 2017లో స్నేహితురాలి కిడ్నీ పెట్టించుకున్నానని అమెరికా గాయని సెలీనా గోమెజ్ చెప్పడం కూడా అలాంటిదే. సినిమావాళ్ల ధైర్యం వల్ల ఒక ఊళ్లో ఒక్క అమ్మాయి తొందరగా పరీక్ష చేయించుకున్నా గొప్పే.

ఎర్లాంగెన్ ఫలితాల్లో శాస్త్రవేత్తలను కుదిపిన విషయం మరొకటి. చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు బి కణాలు తిరిగొచ్చాయి. జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవి పాత అనుభవం లేని కొత్త బి కణాలు. అంటే ఎన్నో ఏళ్లుగా చక్రాన్ని తిప్పుతున్నది పాత బి కణాల జ్ఞాపకమేనన్న ఊహకు బలం వచ్చింది. టీకాల వల్ల వచ్చిన రక్షణ చాలావరకు చెక్కుచెదరలేదు, ఎందుకంటే వాటి యాంటీబాడీలు చేసే పాత ప్లాస్మా కణాల మీద సీడీ19 ఉండదు. అక్కడే డయాలసిస్ దాకా వెళ్లిన ఒక టీనేజి అమ్మాయి ఈ చికిత్సతో డయాలసిస్ మానేసిందని 2024లో ప్రచురించారు.

అయితే ఇది ఇంకా కొద్దిమంది మీద జరిగిన ప్రయోగమే. చికిత్సకు ముందు కీమోథెరపీ కావాలి, తర్వాత తీవ్ర జ్వరాలు రావొచ్చు. కార్-టి తీసుకున్న కొందరు క్యాన్సర్ పేషెంట్లలో అరుదుగా టి కణాల క్యాన్సర్ కనిపించిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరిక చేర్చింది. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో రక్త క్యాన్సర్లకు అనుమతి వచ్చింది. ధర అమెరికాలో కన్నా సుమారు పది రెట్లు తక్కువ. లూపస్‌కు దాన్ని వాడే అనుమతి వేరే సంగతి, ముందు పరీక్షలు జరగాలి.

మూత్రంలో నురగ

ఈ శాస్త్రమంతా ఒక పక్క, ఊళ్లలో జరిగేది మరో పక్క. కిడ్నీ నొప్పి పుట్టించకుండానే పాడవుతుంది. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, బాత్రూంలో ఎంత నీళ్లు పోసినా పోని నురగ, పాతికేళ్లకే బీపీ. అంతకు ముందే నోట్లో పుళ్లు, జుట్టు రాలడం, కీళ్ల నొప్పులు, ముక్కుకు రెండు వైపులా బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, తగ్గని జ్వరం. వీటిని ఎలర్జీ అని, రక్తం తక్కువని, వాతమని విడివిడిగా వైద్యం చేస్తూ నెలలు గడిచిపోతాయి. ఊరి ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ సూది వేస్తే రెండ్రోజులు అన్నీ తగ్గుతాయి, అసలు జబ్బు కప్పుబడిపోతుంది. కీళ్ల నొప్పులకు షాపులో కొని మింగే నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకాస్త తినేస్తాయి.

ఢిల్లీ సమీప గ్రామాల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వే మన దేశంలో లక్ష మందికి ముగ్గురికే లూపస్ ఉందని చెప్పింది. ఇప్పటి రుమటాలజీ ఓపీల్లో కనబడే రద్దీని బట్టి చూస్తే ఆ అంకె చాలా తక్కువ అనిపిస్తుంది.

లూపస్ అని తేలినవాళ్లకు డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మూత్ర పరీక్ష జరగాలి. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూపే పరీక్షకు సూదీ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ కాదు. రోజుకు అర గ్రాము, అంతకు మించి ప్రొటీన్ పోతుంటే బయాప్సీ గురించి ఆలోచిస్తారు. రక్తంలో సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు తగ్గడం కూడా సంకేతమే, అవి కిడ్నీలో ఖర్చయిపోతున్నాయని అర్థం. బయాప్సీ అనగానే ‘కిడ్నీ కోస్తారట’ అని ఇంట్లోవాళ్లు బెదిరి వెనక్కి తీసుకెళ్లడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ ఆలస్యంలో వాపు మచ్చగా మారితే ఏ మందూ వెనక్కి తేలేదు.

పెళ్లి కుదరగానే, కడుపు పండగానే మందులు మాన్పించడం మరో పెద్ద ప్రమాదం. లూపస్ ఉన్న ఆడవాళ్లు పిల్లల్ని కనొచ్చు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉన్నాక, ముందే డాక్టరుతో మాట్లాడుకుని గర్భం దాల్చాలి. మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి వాటిని ముందే ఆపి అజథయోప్రిన్ లాంటివి ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ కొనసాగించాల్సిందే. అది మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క అత్తింటివాళ్లకు, పుట్టింటివాళ్లకు డాక్టరే కూర్చోబెట్టి చెబితే ఎన్నో కిడ్నీలు నిలుస్తాయి.

వైద్యం మొదలయ్యాక వాకబు చేయాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. మూత్రంలో పోయే ప్రొటీన్ మూడు నెలలకు కనీసం పావు వంతు, ఆరు నెలలకు సగం తగ్గాలి. ఏడాది తిరిగేసరికి రోజుకు 0.5 నుంచి 0.7 గ్రాముల లోపుకి దిగాలి. మొదట్లోనే చాలా ఎక్కువ పోతున్నవారికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చు. కుదుటపడ్డాక కూడా మందులు కనీసం మూడేళ్ల పాటు సాగుతాయి, ఆ తర్వాతా డాక్టరు చెబితేనే, మెల్లగానే తగ్గించాలి.